పెడల్ మీది కాలు

పోయిన వారం మనం లాండ్రీ మేస్త్రీని ఆసుపత్రి పై అంతస్తు గదిలో, కుర్చీలో కళ్లు మూసుకుని ఉండగా వదిలేసి వచ్చాం. నుదుటికి రెండు వైపులా ఉప్పునీటిలో తడిపిన స్పాంజిలు, అవి జారిపోకుండా రబ్బరు పట్టీ, వాటి నుంచి పక్కనున్న చిన్న పెట్టెలోకి రెండు తీగలు. ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో, బ్రాందీ పోసిన గ్లాసు. వారాలుగా జరుగుతున్నదే ఇది. సన్నటి కరెంటు తలలోకి వెళుతుంటే, తాగాలన్న కోరికను తోసెయ్యకుండా, దానికి లొంగకుండా, అది ఎలా లేస్తుందో ఎలా పడుతుందో చూస్తూ కూర్చోవాలి. తాగుడు మానడం మేస్త్రీకి కొత్త కాదు. ఇంతకుముందు నాలుగుసార్లు మానాడు. మానినవాడు మళ్లీ గ్లాసు పట్టకుండా నిలబడటమే ఇక్కడ నేర్పుతున్నది.

అతన్ని ఎప్పుడూ గ్లాసు దగ్గరికి నెట్టేది ఒకే జ్ఞాపకం. కూతురి చెయ్యి. చిట్టికి ఏడేళ్లప్పుడు, అతను తాగి తూలుతూ తన లాండ్రీలోకి వచ్చి స్టీము ప్రెస్సు పెడల్ మీద పడ్డాడట. దుప్పటి కొస సర్దుతున్న పిల్ల కుడిచెయ్యి ఆ ఇనప మూత కింద చిక్కుకుని కాలిపోయిందట. ‘అట’ అనడం ఎందుకంటే, ఆ రోజు సంగతి అతనికేమీ గుర్తులేదు. మర్నాడు తెలివొచ్చాక భార్య చెప్పింది. చెప్పింది చెప్పినట్టు నమ్మాడు. అప్పటి నుంచి దాన్ని మరిచిపోవడానికే తాగాడు, దాని కోసమే మానాలనీ చూశాడు.

ఆ జ్ఞాపకాన్నే భయపడకుండా తేరిపార చూడమంది శ్వాస మేడమ్. ఊపిరి మీద ధ్యాస నిలపడం నేర్పే ఆవిడకు రోగులు పెట్టుకున్న పేరది. మేస్త్రీ చూశాడు. చూసి, కళ్లు తెరవకుండానే అన్నాడు: “మేడమ్, నేను ప్రెస్సు దగ్గర లేను. గుమ్మంలో ఉన్నాను.”

*

శ్వాస మేడమ్ తొందరపడలేదు. “సరే. ఎక్కడున్నారో అక్కడే ఉండండి. ఊపిరి మీద ధ్యాస వదలకండి,” అంది.

“రెండు చేతులతో గుమ్మం పట్టుకుని ఉన్నాను. చెక్క గరుగ్గా తగులుతోంది. పెడల్ ఎక్కడో అటు గోడ పక్కన ఉంది. ఇక్కణ్ణుంచి నా కాలు దానికి ఎలా అందుతుంది?”

పెట్టె కూత పెట్టింది. ఆ పూటకి కరెంటు అయిపోయింది. ఆవిడ పట్టీ విప్పి స్పాంజిలు తీసింది. నుదుటి మీద రెండు ఎర్రటి మచ్చలు, చెంపల మీదికి కారుతున్న ఉప్పునీళ్లు. మేస్త్రీ తుడుచుకోలేదు. ఆవిడ వెళ్లి డాక్టర్ని పిలుచుకొచ్చింది.

డాక్టరు కుర్రవాడే. నిలబడే విన్నాడు, నవ్వుతూనే జవాబిచ్చాడు.

“ఇది పాత జ్ఞాపకాలు తవ్వి తీసే యంత్రం కాదు మేస్త్రీ. తాగినవాడి మెదడులో ఆ రోజు అసలు రాసుకోనే లేదు. ఖాళీ. ఆ ఖాళీని తరవాత ఎవరికి నచ్చినట్టు వాళ్లు పూడ్చుకుంటారు. తప్పు నాది కాదని తేలితే బావుండునని ఎవరికి ఉండదు చెప్పు?”

“మరి ఇన్నాళ్లూ మీరు నన్ను చూడమన్నది? అది కూడా మా ఆవిడ చెబితే నేను పూడ్చుకున్నదే కదా సార్?”

“కావచ్చు.”

“కావచ్చంటే? వారానికి మూడుసార్లు నా పిల్ల చేతిని నాతో కాల్పించారు ఇక్కడ.”

“అది నిజమా అబద్ధమా అన్నది మాకనవసరం,” అన్నాడు డాక్టరు, ఏమాత్రం కోపం లేకుండా. “దాన్ని తలుచుకుంటే నీకు తాగాలనిపిస్తుందా లేదా? అనిపించింది. అందుకని వాడుకున్నాం. బాగానే పనిచేసింది కూడా. పనిచేస్తున్నదాన్ని ఇప్పుడు కెలకొద్దు.”

అతను వెళ్లిపోయాక శ్వాస మేడమ్ మెట్ల దాకా వచ్చింది. ఆవిడ ముఖం బాగాలేదు. “ఇవాళ ఇంట్లో ఏమీ అడగకండి. రేపు మీ ఆవిణ్ణి ఇక్కడికే తీసుకురండి, నా ముందు మాట్లాడుకుందురుగాని. ఒక్కరోజు ఓపిక పట్టండి.”

“సరే మేడమ్,” అన్నాడు మేస్త్రీ. ఆ సరే మెట్లు దిగేవరకే ఉంది.

*

లాండ్రీ ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో ప్రెస్సు. మధ్యన తలుపు లేని గుమ్మం. మేస్త్రీ వచ్చేసరికి చిట్టి కౌంటర్లో కూర్చుని ఎవరిదో కోటు జేబులు వెతుకుతోంది, ఉతికే ముందు ఏమైనా మిగిలిపోయాయేమోనని. ఇరవై నిండబోతున్న పిల్ల. ఎడమచేత్తోనే వెతుకుతుంది, ఎడమచేత్తోనే చీటీ గుచ్చుతుంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంటుంది. చిటికెనవేలూ దాని పక్క వేలూ అతుక్కుపోయి, పైచర్మం ఉడికిన పాల మీద మీగడలా ముడతలుపడి ఉంటుంది.

“హోటల్ దుప్పట్లు సాయంత్రానికి కావాలట,” అంది తలెత్తకుండా. తండ్రితో ఆ పిల్ల మాటలన్నీ దుప్పట్ల గురించే, కోట్ల గురించే.

మేస్త్రీ ఆమెను దాటి లోపలికి వెళ్లాడు. బాయిలరు బుసకొడుతోంది. తీగల మీద ఎవరో వైద్యుల తెల్లకోట్లు తలలు తెగిన మనుషుల్లా వేలాడుతున్నాయి. గది నిండా సోడా ఘాటు, వేడి నూలుగుడ్డ వాసన. ప్రెస్సు ముందు భార్య. తడి దుప్పటి పరచడం, ముడత లాగడం, పెడల్ తొక్కడం, ఆవిరి చిమ్మగానే మూత ఎత్తడం. చేతులూ కాలూ వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పెళ్లయిన కొత్తలో ఆమె అతన్ని మీరు అనేది. తాగుడు ముదిరాక నువ్వు అయ్యాడు. ఈ వైద్యం మొదలయ్యాక రెండూ మానేసి, మనిషి ఎదురుగా లేనట్టు మాట్లాడటం నేర్చుకుంది. “అన్నం బల్ల మీద ఉంది.” “కరెంటు బిల్లు కట్టాలి.” ఇంత జాగ్రత్త ఎందుకో మేస్త్రీకి అర్థమయ్యేది కాదు. పాత మర్యాద తిరిగివ్వడానికి ఇంకా మనసు రాలేదేమో అనుకుని సరిపెట్టుకున్నాడు.

గుమ్మంలోనే ఆగాడు. రెండు చేతులూ చెక్క మీద ఆనించాడు.

“ఇక్కణ్ణుంచి ఆ పెడల్ ఎంత దూరం ఉంటుంది?”

ఆమె తల తిప్పలేదు. “కొలవాలంటే టేపు డ్రాయర్లో ఉంది.”

“చిట్టి చెయ్యి కాలిన రోజు నేను ఇక్కడే నిలబడ్డాను. దగ్గరికి రాలేదు.”

పెడల్ పడింది. మూత దిగింది. ఆవిరి చిమ్మింది. మూత లేచింది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి పక్కన పేర్చాక అప్పుడు నవ్వింది, మళ్లీ ‘నువ్వు’లోకి దిగింది.

“ఆసుపత్రిలో ఇదా చేస్తున్నది? నెత్తిన పెట్టె పెట్టి, నీకు కావలసిన కథ నీకే రాసిస్తున్నారన్నమాట. బాగుంది. ఇంకేం రాశారు? పిల్ల చెయ్యి అసలు కాలనే లేదని రాయలేదా?”

“నేను చూశాను.”

“నువ్వు ఆ రోజు నీ కాళ్లు ఎక్కడున్నాయో చూసుకోలేని స్థితిలో ఉన్నావు. నేను చూశాను. పిల్ల చర్మం దుప్పటికి అంటుకుపోతే ఊడదీసింది నేను. నువ్వు అదిగో, ఆ బస్తాల మీద పడి గురకపెట్టావు. ఆ గురక వింటూ పిల్లను ఎత్తుకుని పరిగెత్తాను. ఇన్నేళ్ల తరవాత పరుగెత్తుకొచ్చి నేను కాదంటావా? సిగ్గనేది కూడా కరెంటు పెట్టి తీసేశారా?”

మేస్త్రీకి చెవులు వేడెక్కాయి. ఆమె చెబుతున్నదాంట్లో బస్తాలు నిజమే. లేచేసరికి బస్తాల మీదే ఉన్నాడు. డాక్టరు మాట గుర్తొచ్చింది. ఖాళీని ఎవరికి నచ్చినట్టు వాళ్లు పూడ్చుకుంటారు. ఒక్క క్షణం తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆమె అది కనిపెట్టింది. చేతులు తుడుచుకుని గది మూలకు వెళ్లింది. సోడా బస్తాల వెనక వంగి ఒక సీసా తీసుకొచ్చి, ప్రెస్సు మెత్త మీద నిలబెట్టింది. బ్రాందీ. సగానికి పైగా ఖాళీ.

“పొద్దున ఊడుస్తుంటే దొరికింది. నీ పరువు తియ్యడం ఎందుకని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్పు. తాగి చూశావా, మానేసి చూశావా, నువ్వు గుమ్మంలో ఉండటం?”

సీసా కనబడగానే అతని నాలుక కింద నీరూరింది. గొంతు కండరం తనంతట తాను కదిలింది. నేర్చుకున్న పని చేశాడు. గొంతులో ఉంది. నాలుక కింద ఉంది. ఇప్పుడు ఛాతీలోకి దిగుతోంది. లేస్తోంది, ఇంకా లేస్తోంది. అలా చూస్తూ నిలబడితే, కాసేపటికి అది కాస్త తగ్గింది. ఆ తగ్గిన చోట మనసు శుభ్రంగా ఉంది. అక్కడ ఒక మాట వినపడింది. పొద్దుట కుర్చీలో కూడా వినపడింది గానీ, డాక్టరుకు చెప్పడానికి నోరు రాలేదు.

“అది నాది కాదు,” అన్నాడు.

“మరి నాదా?”

“నీ ముఖం నా వైపు ఉంది ఆ రోజు. ప్రెస్సు వైపు లేదు. నన్ను చూసి ఒక మాట అన్నావు.” “‘ఇవాళ కూడా బతికే వచ్చావా’ అన్నావు. ఆ మాట ఇంకా నీ నోట్లో ఉండగానే మూత దిగింది.”

ఆమె చేతిలోని గుడ్డ జారి కింద పడింది. తీసుకోలేదు. బాయిలరు వైపు చూసింది, అది ఏదైనా జవాబు చెబుతుందేమోనన్నట్టు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పి ఉండదు. పోలీసులకు గానీ, ఆసుపత్రిలో గానీ, అత్తగారికి గానీ. చెప్పుకునే మాట కాదది.

“ఎవరు చెప్పారు మీకు?” అంది.

మీరు. చాలా ఏళ్ల తరవాత. మేస్త్రీకి అది తిట్టు కన్నా లోతుగా దిగింది.

“ఎవరు చెబుతారు? గదిలో ఉన్నది మనం ముగ్గురమే.”

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడవలేదు. అలసిపోయినదానిలా, ఎవరో పక్కింటివాళ్ల సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

“అవును. కాలు నాదే. మిమ్మల్ని తిడదామని తల తిప్పాను, తిడుతూనే తొక్కాను. కాలు నాది. ఆ తల తిప్పించింది ఎవరు? అది చూపించలేదా ఆ పెట్టె?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే? మీ అమ్మ అప్పటికే పిల్లను పట్టుకుపోతానని వచ్చి కూర్చుంది. తండ్రి తాగుబోతు, తల్లేమో పిల్ల చెయ్యి కాల్చింది. ఇక నా దగ్గర ఉండనిచ్చేదా? మీకు అప్పటికే పరువు లేదు. అంత మురికి గుడ్డ మీద ఇంకో మరక పడితే ఎవరికి తెలుస్తుంది? నాకున్నది ఒక్క మంచి పేరు. మీ కోసం అదీ పారేసుకోవాలా?”

మేస్త్రీ గుమ్మం వదిలి లోపలికి ఒక అడుగు వేశాడు. ప్రెస్సు అంచు పట్టుకున్నాడు. వేడిగా ఉంది. చెయ్యి తియ్యలేదు.

“మా అమ్మ పోయేటప్పుడు,” అన్నాడు, “నేను నీళ్లు తాగించబోతే ముఖం గోడవైపు తిప్పుకుంది. పసిపిల్లను కాల్చిన చేత్తో నాకు నీళ్లొద్దు అంది. నువ్వు పక్కనే ఉన్నావు.”

“ఉన్నాను.”

“నువ్వు పక్కనే ఉన్నావు!”

“ఉన్నాను అంటున్నాగా. మీ చేతిలోంచి గ్లాసు తీసుకుని నేనే తాగించాను. నా చేతిమీదుగానే తాగింది.”

అరవబోయాడు మేస్త్రీ. రాలేదు. తల్లి ఎండిన పెదవులు, గ్లాసు అంచు, దాన్ని పట్టుకున్న ఈమె వేళ్లు. తల్లి ఆమెను దీవించింది కూడా. బంగారుతల్లీ అంది.

“ఒక్కసారైనా అనిపించలేదా నీకు?”

“ఎందుకు అనిపించలేదు? మీరు మొదటిసారి మానినప్పుడు చెప్పేద్దామనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే మళ్లీ తాగొచ్చి ఇదే గుమ్మంలో వాంతి చేసుకున్నారు. అది కడుగుతూ, చెప్పకపోవడమే మంచిదైంది అనుకున్నాను. ఆ తరవాత...” ఆగింది. తరవాతి మాట చెప్పాలా వద్దా అని ఆలోచించి, చెప్పడానికే నిర్ణయించుకుంది. “ఆ తరవాత మీరు తాగి వచ్చిన ప్రతిసారీ నాకు కాస్త తేలిగ్గా ఉండేది. వీడికి తగినదే చేశాను అనిపించేది. ఇప్పుడు మానేసి, స్నానం చేసి, వేళకు వచ్చి బల్ల ముందు కూర్చుంటున్నారు. మీ ముఖం చూస్తే నాకు అన్నం దిగడం లేదు. మీరు మళ్లీ తాగితే బావుండునని ఎన్ని రోజులుగా అనుకుంటున్నానో తెలుసా?”

తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు మేస్త్రీకి. తనతో కాపురం చేసిన మనిషి ఇన్నేళ్లూ తను పడిపోతుంటే ఊపిరి పీల్చుకునేదని ఇప్పుడు విన్నాడు. చెయ్యి కాలుతోందని అప్పుడు గమనించి ప్రెస్సు మీదినుంచి తీశాడు.

“అమ్మా.”

ఇద్దరూ తిరిగారు. చంకలో మాసిన దుప్పట్ల మూట, గుమ్మంలో చిట్టి.

“నువ్వు ముందుకెళ్లు. కౌంటర్లో ఎవరూ లేరు,” అంది తల్లి, లేచి నిలబడుతూ.

“కాలు నాదే అన్నావు. ఆ మాట దగ్గర్నుంచి విన్నాను. మధ్యలో బాయిలరు చప్పుడుకి కొన్ని పోయాయి. మళ్లీ చెప్పు.”

“చిట్టీ...”

“మళ్లీ చెప్పమ్మా. పోయినవి పూడ్చుకోవాలి కదా.”

చిట్టి మూట కింద పడేసి లోపలికి వచ్చింది. కుడిచెయ్యి చాచి తల్లి ముఖం ముందు పెట్టింది, దుకాణంలో చినిగిన బట్ట చూపించినట్టు.

“చిన్నప్పుడు దీనికి నూనె రాస్తూ రోజూ ఏం చెప్పేదానివి? ‘చూడు మీ నాన్న చేసిన పని’ అనేదానివి. ఒక్కరోజు కూడా మానలేదు. నాకు నొప్పెడితే ఇంకా గట్టిగా చెప్పేదానివి. ఈయన దగ్గరికొస్తే వాంతొచ్చేట్టు నన్ను పెంచింది నువ్వు. ఆ నూనెతో పెంచావు.”

“నిన్ను నా దగ్గర ఉంచుకోవడానికేనే...”

“ఉంచుకున్నావుగా. చూసుకో, ఎలా ఉన్నానో.”

అప్పుడు చూసింది చిట్టి, ప్రెస్సు మీద ఉన్న సీసాను.

“అదెందుకు బయట పెట్టారు?”

“మీ నాన్న దాచుకున్నది,” అంది తల్లి గబగబా, మాట దారి మళ్లించడానికి ఒక సందు దొరికినట్టు. “చూడు, ఇంకా మానలేదు మనిషి. బస్తాల వెనక...”

“బస్తాల వెనక పెట్టింది నేను.”

బట్టల మూటకు ముడి కూడా సరిగా వెయ్యలేని ఆ అతుక్కుపోయిన వేళ్లు, సీసా మూతను ఒక్క తిప్పులో తీశాయి. పిల్ల తల వెనక్కి వాల్చింది. గొంతు రెండుసార్లు కదిలింది.

మొదటిసారి తాగేవాళ్లు ముఖం చిట్లిస్తారు, దగ్గుతారు, నీళ్ల కోసం వెతుకుతారు. అలవాటు పడ్డవాళ్లు అవేమీ చెయ్యరు. గుటక లోపలికి దిగాక, అది దిగుతున్న దారినే చూస్తున్నట్టు కళ్లు మూసుకుంటారు. మేస్త్రీకి తెలియంది కాదది. చిట్టి కళ్లు మూసుకుంది.

“ఎప్పటినుంచే?” అంది తల్లి. ఆ గొంతు ఆమెది కానట్టుంది.

“చెయ్యి సలపడం మొదలైనప్పటినుంచి. నూనె కన్నా ఇదే నయం.”

చిట్టి తండ్రివైపు తిరిగింది. ఏ కోపమూ లేని ముఖం. అదే భయంగా ఉంది. సీసాను అతని ఛాతీకి తగిలేటంత దగ్గరగా చాచింది.

“తీసుకో నాన్నా. ఇన్నాళ్లూ తప్పు చేశానని ఏడుస్తూ తాగావు. ఇప్పుడు నీ తప్పేమీ లేదుగా. ఒక్కసారి సంతోషంగా తాగు.”

ఆసుపత్రిలో గ్లాసు బల్ల మీద ఉండేది. ఎవరూ దాన్ని అతనికి అందించేవాళ్లు కాదు. ఎవరి నోటి తడీ దాని అంచు మీద ఉండేది కాదు. ఇక్కడ పెట్టె లేదు, స్పాంజిలు లేవు, ఊపిరి గుర్తుచేసే గొంతు లేదు. వాసన ముక్కుకు తగలగానే అలలాగా లేచింది లోపల. గొంతులో ఉంది, అనుకోబోయాడు. గొంతులో లేదు. ఎక్కడ పడితే అక్కడ ఉంది.

మేస్త్రీ చెయ్యి లేచింది. లాక్కుని పారబొయ్యడానికో, నోటికి ఎత్తుకోవడానికో అతనికే తెలియలేదు. అతని వేళ్లు ఆ కాలిన వేళ్ల మీద పడ్డాయి.

పిల్ల చెయ్యి తీసేసింది. సీసా ఇప్పుడు అతని ఒక్కడి చేతిలో ఉంది.